బడిలో తొలి సంవత్సరము

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచునపుడు అందరును పిల్లలనుగూర్చి మాటలాడుదురు. కొత్త పుస్తకములు, కొత్త సంచులు, తల్లి కొంగు విడువక ఏడ్చు ఒకటవ తరగతి పిల్లలు - ఇవన్నియు మరునాటి పత్రికలలో బొమ్మలుగా వచ్చును. ఆ ఉదయమే ఆ గడపనే తొక్కుచు, ఆ పిల్లలవలెనే లోలోపల బెదరుచు వచ్చు మరియొక వ్యక్తి కలడు. అతనిని ఎవరును బొమ్మ తీయరు. అతడు ఆనాడే కొలువులో చేరుచున్న ఉపాధ్యాయుడు. నేడు మేము మాటలాడదలచినది అతనినిగూర్చి. అతడనిన చోటనెల్ల ఆమె యనియు గ్రహింపవలెనని మనవి.

ఆ గడపదాక వచ్చుటయే ఒక దూరప్రయాణము. చిన్న తరగతులకు బోధింపగోరువారు ఇంటర్మీడియేటు పిమ్మట రెండేండ్లు డి.ఇ.ఎల్.ఇడి. శిక్షణ పొందవలెను. హైస్కూలు తరగతులకు డిగ్రీయు, దానిపై బి.ఇడి.యు కావలెను. ఒకప్పుడు ఏడాదితో ముగిసిన బి.ఇడి. చదువు 2015 నుండి రెండేండ్లయినది. బి.ఇడి. చదివినంత మాత్రమున ప్రాథమిక తరగతులకు అర్హత రాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినపుడు ఎందరో యువకులు నిరాశ పొందిరి. వారి బాధ మాకు తెలియును. అయినను, ఐదేండ్ల పిల్లకు అక్షరము నేర్పుట పదునైదేండ్ల పిల్లకు బీజగణితము నేర్పుటకంటె తేలికపని కాదనియు, దానికి వేరొక విద్య కావలెననియు ఆ తీర్పు లోకమునకు చెప్పినట్లే మేము భావించితిమి.

శిక్షణ ముగిసిన పిమ్మట టెట్ పరీక్ష. రెండున్నర గంటలలో 150 ప్రశ్నలు. ఆ పిమ్మట డి.ఎస్.సి. జిల్లా ఎంపిక సంఘమని దాని అర్థము. కాని మన ఇండ్లలో అది ఒక సంఘము పేరుగా గాక ఒక ఋతువు పేరుగా వాడుకలో నున్నది. వాన పడినదన్నట్లే డి.ఎస్.సి. పడినదందురు. తెలంగాణమున 2024లో 11,062 ఉద్యోగములకును, ఆంధ్రప్రదేశమున 2025లో 16,347 ఉద్యోగములకును ప్రకటనలు వెలువడినవి. అంతకు ముందు రెండు రాష్ట్రములలోను ఏండ్ల తరబడి ఎదురుచూపే. కృష్ణాతీరమున అవనిగడ్డ యను ఊరు ఈ పరీక్ష శిక్షణకే పేరుపడినది. ఎక్కడెక్కడి జిల్లాలనుండియో వచ్చి, అద్దెగదులలో నలుగురైదుగురు కూడి, అన్నము తామే వండుకొని, నడిరేయి దాటువరకు చదువు యువతీయువకులను అక్కడ చూడవచ్చును. అందు కొందరికి పెండ్లిళ్లయి బిడ్డలు గూడ నుందురు. ఆ బిడ్డలు అమ్మమ్మల యొద్ద పెరుగుచుందురు.

ఇంత కష్టపడి వచ్చినవానికి ఆ పరీక్ష ఒక అలవాటు చేసి పంపును. ప్రతి ప్రశ్నకును నాలుగు జవాబులుండుననియు, వానిలో ఒకటి సరియైనదనియు నమ్ముట ఆ అలవాటు. బడిలో మొదటి ఉదయముననే అది చెదరిపోవును.

ఆ ఉదయ మెట్లుండునో తెలియనివారికొరకు కొంచెము చెప్పుదుము. విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి నుండి ఐదు తరగతుల బడిలో 60 మంది పిల్లలదాక ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. లెక్క చూచిన ఒకరికి ముప్పదిమంది, బాగుగనే యున్నది. కాని పిల్లలు ముప్పదిమందియైనను తరగతులు ఐదు. ఇద్దరిలో ఒకరు ఏదో సమావేశమునకు పోయిననాడు ఐదు తరగతులును ఒక్కని ముందే కూర్చుండును. ఒకవైపు పలకపై గుండ్రముగా చుట్టుటకు వ్రేలు తిరుగని పిల్ల. మరియొకవైపు భాగహారములో శేషము ఎందుకు మిగిలినదని అడుగు పిల్లవాడు. మధ్యాహ్న భోజనపు లెక్క వ్రాయవలెను. ఒకటవ తరగతి పిల్ల నిక్కరు తడుపుకొనును. ఫోనులో ఏదో వివరము వెంటనే పంపుమని కబురు వచ్చును. వీనిలో దేనికిని నాలుగు జవాబు లుండవు.

ఈ స్థితిలో పెద్ద ఉపాధ్యాయులు ఏమి చేయుదురో చూచి నేర్చుకొనుటకంటె మేలైన ఉపాయము మాకు కనబడదు. ఒక తరగతికి నోటిపాఠము సాగుచుండగా ఒకదానికి వ్రాతపని, ఇంకొకదానికి నాలుగైదు తరగతుల పిల్లలచేత చదివించుట, ఒకటవ తరగతివారిని వరండాలో గింజలు, పుల్లలు లెక్కించుటకు కూర్చుండబెట్టుట - ఇట్లు చేతిలో నాలుగు తీగలు పట్టుకొని మీటువారిని మేము చూచితిమి. అట్టివారు ఏ పుస్తకములోను తమ పద్ధతిని వ్రాయలేదు. పొరుగూరి బడిలో ఉందురు. అడిగిన చెప్పుదురు. అడుగుటకు కొత్తవారు సిగ్గుపడుదురు, అదియే చిక్కు. డి.ఎస్.సి.లో మంచి ర్యాంకు తెచ్చుకొన్నవారికి ఆ సిగ్గు మరికొంత ఎక్కువ.

మేము రేడియోలో పనిచేయువారము గనుక మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పుటకు అధికారము కలదనుకొందుము. అది గొంతునుగూర్చి. కొత్త ఉపాధ్యాయులలో ననేకులకు మొదటి నెలలోనే గొంతు బొంగురుపోవును. కారణము ఒక్కటే: పిల్లల సందడికి పైన తమ గొంతు వినబడవలెనని అరచుట. ఆయన అరచినకొలది పిల్లలు ఆ అరపునకు పైన మాటలాడుదురు. చివరకు ఇరుపక్షములును అలసిపోవును. మైకు ముందు కూర్చుండి మేము నేర్చుకొన్న దేమనగా, గొంతు హెచ్చించుటకంటె తగ్గించుటవలన మనుష్యులు చెవి యొగ్గుదురు. మాటకును మాటకును నడుమ ఊపిరి విడువవలెను. గోడకు దగ్గరగా గాక పిల్లల నడుమకు పోయి నిలువవలెను. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు మాటలాడరాదు. ఆ మాట గోడకే గాని పిల్లలకు చేరదు. బల్లమీద మంచినీళ్ల సీసా యుండవలెను. ఇవి చిన్నవిషయములే. కాని ముప్పదియేండ్లు పలుకవలసిన గొంతును మొదటి మూడు నెలలలోనే పోగొట్టుకొన్నవారిని మే మెరుగుదుము.

మా వృత్తిలో నేర్చినది బడిలో పూర్తిగా తలక్రిందులగు సందర్భము గూడ నొకటి కలదు. రేడియోలో మూడు సెకండ్ల నిశ్శబ్దము నేరము. నాలుగవ సెకండుకు డ్యూటీ గదిలో ఫోను మ్రోగును. బడిలోనో, అదే మూడు సెకండ్లు అమృతసమానము. మేరీ బడ్ రో అను అమెరికా పరిశోధకురాలు 1970 దశకమున తరగతిగదుల ధ్వనిముద్రణలను విని లెక్కగట్టి చూచినది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన పిదప జవాబుకొరకు ఆగు కాలము సగటున ఒక్క సెకండు. ఆ లోపల జవాబు రాకున్న తామే చెప్పివేయుట, లేదా పక్కపిల్లను అడుగుట. ఆ ఒక్క సెకండును మూడు సెకండ్లకు పెంచినచోట పిల్లల జవాబులు పెద్దవైనవి. అంతవరకు నోరు మెదపనివారు మెదిపిరి. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కించుటకు ఏ శిక్షణయు అక్కరలేదు. అయినను ఎంత కష్టమో చేసి చూచినవారికి తెలియును. ఆ నిశ్శబ్దములో ఉపాధ్యాయునికి తన అసమర్థత వినబడుచున్నట్లుండును. కొత్తవాడు దానికి భయపడి మాటలతో పూడ్చివేయును.

మాకీ సంగతి ఇరువదేండ్ల క్రిందట తెలిసియుండిన బాగుండెడిది. రేడియోలోనికి రాకముందు, పట్టభద్రులమై వేరొక ఉద్యోగము దొరకక, 2003 జూలైలో ఒక కొండ గూడెపు బడిలో విద్యావాలంటీరుగా చేరితిమి. శ్రీకాకుళము జిల్లా సీతంపేట ప్రాంతపు కొండలవి. జిల్లాల విభజన తరువాత, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. అనాస, పసుపు, కొండచీపుళ్లు పండు చోటు. పిల్లలందరును సవరలు. మాకు సవరభాష ఒక్క ముక్కయు రాదు. తెలుగు బడిలో తెలుగు పాఠము చెప్పుటకు సవర యెందుకని గూడ అనుకొంటిమి. శిక్షణ లేదు, అనుభవము లేదు. ధైర్యము మాత్రము మెండు.

హాజరుపట్టికలో ఒకటవ తరగతిలో పదునొకండు పేర్లుండెను. రోజును ఉదయము పిలిచెడివారము. పదిమంది పలికెడివారు. ఆరవ వరుసలోని ఆడపిల్ల పేరు పిలిచిన ఎవరును పలుకరు. గైరుహాజరు గుర్తు పెట్టెడివారము. కొండపిల్లలు పోడుపనికి పోవుదురనియు, బడికి రారనియు వినియుంటిమి గనుక అట్టిదే యనుకొంటిమి. అన్నలక్కల వెంట బడికి వచ్చు చిన్నపిల్లలు ఇద్దరు ముగ్గురు రోజును ఆ తరగతి వెనుక కూర్చుండెడివారు. వారి పేర్లు పట్టికలో నుండవు. వారిని కదలింపక ఊరకుండెడివారము.

ఆ సంవత్సరపు జనవరినుండియే మన బడులలో మధ్యాహ్నమున వేడియన్నము వండి పెట్టుట మొదలైనది. వంటచేయు ఆమె రోజును మా యొద్దకు వచ్చి లెక్క చెప్పెడిది. ఆమె లెక్కకును మా లెక్కకును ఒకటి తేడా. చిన్నపిల్లలను తీసివేసినను ఒకటి తేడా. ఆమెకు లెక్కరాదని మా తీర్మానము. ఆమె కంచములను లెక్కించినది. మేము పేర్లను లెక్కించితిమి.

సెప్టెంబరులో పట్టిక సరిచూచుటకు వచ్చిన అధికారి ఆరవ వరుసమీద వ్రేలు పెట్టి, రెండు నెలలుగా రాని ఈ పిల్ల పేరెందుకు ఉంచితిరని అడిగెను. ఆమె బడికి రాదని చెప్పి, ఆ పేరు కొట్టివేయుటకు కలము తీసితిమి. అంతలో ఐదవ తరగతిలోని ఒక పిల్లవాడు, "అదిగో, కూకునుంది గదా మాస్టారూ" అనెను. వాడు చూపినది వెనుక వరుసలో నున్న ఏడేండ్ల పిల్లను. మేము చిన్నపిల్లలలో నొకతె యని తలచిన ఆ పిల్ల రెండు నెలలుగా ఒక్కదినమైనను మానక వచ్చి, మా యెదుటనే కూర్చుండి, మాచేత ప్రతిదినము గైరుహాజరు వేయించుకొన్నది.

జరిగినదేమనగా, బడియీడు పిల్లల పేర్లు వ్రాయ వచ్చినవా రెవరో ఆమె ఇంటిపేరు నోరు తిరుగక తమకు తోచిన తెలుగు పేరొకటి వ్రాసికొని పోయిరి. ఆ పేరు తనదని ఆ పిల్లకు తెలియదు. తల్లికి తెలియదు. పిలిచినది తన్ను కాదని ఆమె ఊరకున్నది. తన్నెందుకు పిలువరని అడుగుటకు ఆమెకు మా భాష రాదు; ఆమె మౌనమునకు అర్థము అడుగుటకు మాకామె భాష రాదు. పట్టికలో లేని పిల్ల గదా యని పలకయు పుస్తకమును సయితము ఆమెకు మేమీయలేదు.

ఆ దినమే ఇచ్చితిమి. పేరు సరిచేసితిమి. కాని సంక్రాంతి పిమ్మట ఆమె నిజముగనే రాలేదు. ఇంటికి పోయి అడిగిన తల్లి ఏదో చెప్పినది. దాని సారమేమో తీసికొనిపోయిన పిల్లవాడు తెలుగున సరిగా చెప్పలేకపోయెను. వేసవిలో మాకు రేడియోలో అవకాశము వచ్చినది. వచ్చివేసితిమి.

ఇక్కడ నొక పేరు తలపునకు వచ్చును. ఆ కొండలకు అంత దూరము గాని పర్లాకిమిడిలో, 1880లో ఒక పదునేడేండ్ల యువకుడు రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరెను. జీతము నెలకు ముప్పది రూపాయలు. మెట్రిక్యులేషను మాత్రమే చదువు. శిక్షణ కళాశాల ముఖము చూడలేదు. బి.ఎ. పట్టము గూడ ఉద్యోగము చేయుచునే తరువాత సంపాదించెను. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషా ఉద్యమమునకై మనము ఆయనను తలచుచున్నాము. ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నాము. ఈ ప్రసంగమును గ్రాంథికపు వాసనతో చదువుచున్న మేము ఆయన పేరెత్తుట కొంత సాహసమే. ఆ మహనీయుడు మన్నించుగాక. కాని మాకు నేడు కావలసినది ఆ ఉద్యమము గాదు, దానికి ముందున్న ఉపాధ్యాయుడు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలుండిరి. ఆయన కంటబడినవారు ఇతరుల కంటను బడియుందురు. వారి భాష నేర్చుకొనవలెనని ఆయనకు తోచినది. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగును సవరయు నెరిగిన ఒకనిని తన ఇంటనే పెట్టుకొని, అతనిని అడిగి, విని, వ్రాసికొని, ఏండ్ల తరబడి నేర్చెను. ఆ భాషలో పాఠములు వ్రాసెను. తన డబ్బుతో సవరపిల్లలకు బడులు పెట్టించి వారి భాషలోనే చదువు చెప్పించెను. సవరభాషకు ఆయన వ్రాసిన వ్యాకరణగ్రంథము 1931లో మద్రాసున వెలువడునాటికి ఆయనకు అరువది యేడేండ్లు దాటినవి. పరాయిభాషను చెవితో పట్టుటకు పడిన ఆ శ్రమయే, పుస్తకములలోని తెలుగునకును పిల్లల నోటిలోని తెలుగునకును గల యెడమును 1907 ప్రాంతమున ఆయనకు స్పష్టముగ చూపినదేమో యని మా ఊహ. ఉపాధ్యాయుడుగా ఆయన మొదట చేసినది చెప్పుట కాదు, వినుట.

ఆయన తలపు పాలకులకు వచ్చుటకు చాలకాలము పట్టినది. 2004లో నాటి ఆంధ్రప్రదేశమున సవర, కువి, కోయ, గోండి, కొలామి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా - ఈ ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్య నారంభింప పూనుకొనిరి. మేము ఆ గూడెమును వదలివచ్చిన సంవత్సరమే అది. తమ భాషలో అచ్చయిన వాచకము ఆ కొండలలోని కొన్ని బడులకు చేరినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము గూడ వీలైనంతవరకు ఐదవ తరగతిదాక ఇంటిభాషలోనే బోధన జరుగవలెనని చెప్పినది. చెప్పుట వేరు, ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు ఆ బడికి చేరుట వేరు.

ఇది కొండలకు మాత్రమే చెందిన సంగతి యని శ్రోతలు తలపరాదు. ఊరినడుమనున్న బడిలోను ఇంటిభాష ఉర్దూ అయిన పిల్ల, తల్లిదండ్రులు ఒడిశానుండి ఇటుకబట్టీ పనికి వచ్చిన పిల్లవాడు, బడిలో వినబడని యాసలో పలుకు పిల్ల కనబడుచుందురు. కొత్త ఉపాధ్యాయుని తొలిచూపులో వారందరును "నోరు మెదపనివారు" అను ఒకే జాబితాలో చేరుదురు. ఆ జాబితాలో తెలివితక్కువవా రెందరో, ప్రశ్న అర్థము గానివా రెందరో, పిలిచిన పేరు తనది కానివా రెందరో వేరుచేయుట మొదటి మూడు నెలల పని యని మా అభిప్రాయము. పాఠ్యప్రణాళిక కొంత వెనుకబడిన బడనిండు. ఈ మాటకు పై అధికారులు ఒప్పుకొనకపోవచ్చును.

ప్రైవేటు బడులలో తొలి అడుగు వేయువారినిగూర్చి గూడ ఒకమాట. డి.ఎస్.సి.కి చదువుకొనుచు, ఇల్లు గడచుటకు అక్కడ పనిచేయువారు వేలకొలదిగ కలరు. వారి తొలి సంవత్సరము రెండింతల కష్టము: పగలు పిల్లలు, రాత్రి ప్రశ్నపత్రములు. వారిలో పలువురు ఆ ఉద్యోగమును ఉద్యోగముగా నెంచరు. అసలైనది ఇంకను రాలేదనుకొందురు. వారి యెదుట కూర్చున్న పిల్లకు మాత్రము ఆ సంవత్సరము మరల రాదు. మేమును ఆ కొండబడిలో అట్లే యనుకొనుచుంటిమి.

ఇక పనికివచ్చు మాట. మొదటినాడు పట్టికను చేతబట్టి పేర్లు పిలుచుటకు ముందు, పట్టికను మూసి, ఒక్కొక్క పిల్లయొద్దకును పోయి, నిన్ను మీ అమ్మ ఏమని పిలుచునని అడుగవలెను. భాష రానిచోట పెద్ద తరగతి పిల్లను తోడు తీసికొనవలెను. జవాబు వచ్చువరకు మూడు సెకండ్లు కాదు, మూడు నిమిషములైనను ఆగవలెను. వచ్చిన పేరును పట్టికలోని పేరు పక్కన పెన్సిలుతో వ్రాసికొనవలెను. భోజనవేళ వంటచేయు ఆమెను లెక్క అడిగి, తన లెక్కతో సరిచూచుకొనవలెను. తేడా వచ్చినచో ముందుగా తన లెక్కను అనుమానింపవలెను. దీనికంతకును ఒక పూట పట్టును.

మేము వ్రాసిన ఆ పట్టిక ఆ బడిలోనే యుండిపోయినది. ఆరవ వరుసలో జూలైనుండి సెప్టెంబరుదాక మా చేతి ఎర్రసిరా గుర్తులు, ఆ పైన నాలుగు నెలలు హాజరు, సంక్రాంతి తరువాత మరల ఎర్రసిరా. చూచువారికి రెండు చోట్లను గుర్తులు ఒకే తీరుగ కనబడును.